మా ఆయనతో నేనన్న మొదటి మాట ‘వద్దు’

ఆ ఉదయం బస్సు చిరాగ్‌పల్లి దాటింది. నేను కండక్టర్‌ని. ఒక పెద్దమ్మను చిల్లర అడగబోతే నా నోట "టికెట్" అని వచ్చింది. మళ్లీ అడిగాను. మళ్లీ "టికెట్" అనే వచ్చింది.

"తీస్కున్న కద బిడ్డా" అని ఆమె టికెట్ చూపించింది. నా కుడిచేతిలోంచి మిషన్ జారి పడింది.

డ్రైవర్ యాదయ్య అన్న అద్దంలో చూసి బస్సు ఆపాడు. దగ్గరికొచ్చి చూస్తే నా మూతి ఒక పక్కకు పోయి ఉందట. "జర ఓపిక వట్టున్రి. మా చెల్లెను దవాఖానకు తీస్కపోవాలె" అని ప్రయాణికులకు చెప్పి బస్సు జహీరాబాద్ వైపు తిప్పాడు. అంత నిండు బస్సులో ఒక్కరూ కాదనలేదు.

అక్కడి నుంచి అంబులెన్స్‌లో హైదరాబాద్ పంపారు. సీటీ స్కాన్ చూసిన డాక్టర్, "స్ట్రోక్. మెదడులో ఎడమవైపు క్లాట్ ఉంది. టైమ్‌కు తెచ్చారు, అది కరిగే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు" అని మా ఆయన ప్రభాకర్‌తో అన్నారు.

చెయ్యి మెల్లగా కదిలింది. మాటే రాలేదు. నీళ్లు కావాలన్నా, తల నొస్తోందన్నా "టికెట్" అనే వచ్చేది. నాకు మతి పోయిందనుకుని, చూడ్డానికొచ్చినవాళ్లు చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేవారు. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

"దీన్ని అఫేసియా అంటారు. మీ తెలివి ఎక్కడికీ పోలేదమ్మా. మాట బయటికి రావడమే కష్టమవుతోంది" అంది స్పీచ్ థెరపిస్ట్. ఆ ఒక్క మాటకు ఏడ్చేశాను.

నా పని తెలుసుకుని ఆమె "జహీరాబాద్..." అని ఆపింది. నేను ఝరాసంగం దాకా స్టాపులన్నీ గడగడా చెప్పేశాను! ప్రభాకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అలవాటైన మాటలు ముందొస్తాయని, కావలసిన మాటకు సమయం పడుతుందని ఆమె వివరించింది. "ఆమె బదులు మీరు జవాబు చెప్పకండి" అని ఆయనకు గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చాక వీడియో కాల్‌లో థెరపీ సాగింది. నాలుగు మాటలు పట్టుబడ్డాయో లేదో, ఫిట్స్ వచ్చాయి. ఆ నాలుగు మాటలూ పోయాయి. మాటలు పలకడానికిచ్చిన బొమ్మల కార్డులు విసిరికొట్టాను. ప్రభాకర్ ఒక్కొక్కటీ ఏరి తెచ్చాడు.

"మల్ల మొదలువెడ్దం. నాకేం తొందర లేదు."

ఆయన టైలర్. కుట్టు ఆపి, రోజూ నాకు చక్కెర దండిగా వేసి చాయ్ తెచ్చేవాడు. నాకు అంత తీపి పడదు. చెప్పలేక తాగేదాన్ని. ఒక పొద్దున కప్పు పక్కకు నెట్టి, ఊపిరి పీల్చి, "వ... వద్దు" అన్నాను.

"ఏమన్నవ్? మల్లొక్కసారి అను!"

"చక్కెర... వద్దు."

ఆయన నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్ని దినాలు బలవంతంగ తాగినవా? ఇగ నన్ను తిట్టినా సరే, మాట్లాడు."

ఇప్పుడు డిపో ఆఫీసులో కూర్చుని చేసే పని ఇచ్చారు. పేర్లు ఇంకా తడబడతాయి, ఫోన్‌లో మాట్లాడటం కష్టం. అయినా బజారుకు నేనే వెళ్తాను, బేరం నేనే ఆడతాను. యాదయ్య అన్నకు, ఆ ప్రయాణికులకు, మా ఆయనకు రోజూ దండం పెట్టుకుంటాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా మాట పోతే, వాళ్లు వెతుక్కుంటున్న మాటను మీరు అందించకండి. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, వాళ్లు చెప్పేదాకా ఆగండి.