పెడన బావిలో తెల్లపొడి

పెడనలో ఉదయం పదకొండు గంటలకు నేతపని చేసే సుబ్బయ్యగారు తన దగ్గర మిగిలిన బ్లీచింగ్ పౌడరంతా బకెట్లో కలిపి వీధి బావిలో పోసేశారు. పక్క వీధిలో అప్పటికే ఇద్దరికి కలరా. బందరు నుంచి రావలసిన హెల్తు ఇన్‌స్పెక్టరు ఇంకా రాలేదు. నూలు తెల్లబరచడానికి ఆయన దాచుకున్న పొడి అది. ఈ యుద్ధకాలంలో మళ్ళీ దొరికే సరుకు కాదు.

నేనక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. బెజవాడలో మా కుళాయి నీళ్ళు ఈ మధ్య ఘాటుగా వస్తున్నాయి. కాఫీ నోట పెట్టుకోలేకపోతున్నాం. గవర్నర్‌పేటలో మందుల కొట్టాయన్ని అడిగితే, "అది బ్లీచింగ్ పౌడరు ఘాటు. మీ పంచెను తెల్లగా చేసిందీ ఆ మందేనండీ" అన్నాడు. బట్టకు వాడేది కడుపులోకి ఎందుకో బోధపడలేదు. నేతవాళ్ళను అడిగి వద్దామని ఆదివారం ఆరు గంటల బండికి మూడో తరగతి టిక్కెట్టు కొన్నాను. గుడివాడలో ఇడ్లీ, కాఫీ దొరికాయి. తొమ్మిదిన్నరకు పెడనలో దిగి, మగ్గాల చప్పుడును బట్టి నేతవారి వీధికి నడిచాను.

మొదటి ఇల్లే సుబ్బయ్యగారిది. యాభై దాటిన మనిషి. తెల్లబరచిన నూలు పోగుల చుట్ట, చిలప, ఒకటి చేతికిచ్చి చూడమన్నారు.

"పొడి పాళం కుదిరితే మల్లెపువ్వండి. కాస్త ఎక్కువైందా, పోగు పటుక్కున తెగుద్ది."

"మరి పేగులో?"

"బావికేసేది చిటికెడేగదండీ!" అని నవ్వారు.

అంతలోనే పక్క వీధి కబురు వచ్చింది. ఆయన లోపలికెళ్ళి పొడి డబ్బా తెచ్చారు. బావిలో పోసి వెనక్కి తిరిగాక ఆగిపోయారు. "రత్తమ్మా, పొడి కలిపేటప్పుడు కళ్ళు మండలేదేంటే?"

"ఎందుకు మండుతాయి?" అంది ఆయన భార్య. "ఆ కంపు భరించలేక నాలుగు రోజులు చాటలో పోసి ఎండబెట్టాగా, వడియాల పక్కన."

"దాని బలమంతా కంపులోనే ఉందే!"

"చెడిపోయింది కంపుకొడుద్ది గానీ, బాగున్నది కొడుద్దా?"

నిన్నటిదాకా నా ఫిర్యాదూ ఆ కంపు మీదే. బకెట్టు మీదికి వంగి వాసన చూశాను. ఏదో ఉన్నట్టే ఉంది. మళ్ళీ చూస్తే లేదు.

బిందెలు వచ్చేశాయి. సుబ్బయ్యగారు అడ్డం నిలబడ్డారు. "కాచుకోకుండా తాగొద్దమ్మా!"

"మందేశావుగా అబ్బాయ్," అంది ఒక ముసలమ్మ. "మళ్ళీ కాచేదేంటి? పుల్లలు నువ్విస్తావా?" దోసిట్లో పట్టి తాగి, "ఎప్పట్లాగే తియ్యగా ఉన్నాయి" అంది. ఆ మాట వినగానే ఆయన ముఖం పాలిపోయింది.

మూడు గంటల బండిలో ఎదురుగా గుడివాడ సైన్సు మాస్టారొకరు కూర్చున్నారు. సంగతి చెప్పాను.

"ఘాటంతా పోతే మిగిలేది సున్నం లాంటిదేనండీ. ఆ ఘాటు క్లోరినుది. మనం తినే ఉప్పులోనూ ఉంది."

"అయితే ఉప్పు వేస్తే సరిపోదూ?"

"సరిపోదండీ. అక్కడ దాని గుణం వేరు."

"ఎండలో మొత్తం పోయుంటుందా?"

"పరీక్ష చెయ్యకుండా ఎలా చెప్పను?" అని ఆయన గుడివాడలో దిగిపోయారు.

బట్టను తెల్లబరిచేదీ, నూలును తినేసేదీ, రోగాన్ని చంపేదీ, ఉప్పులో ఊరికే పడి ఉండేదీ ఒకటేనని తెలుసుకుని, బయలుదేరినప్పటికన్నా అయోమయంగా బెజవాడలో దిగాను. నేను బండెక్కేవేళకు ఇన్‌స్పెక్టరు రాలేదు. ఆ వీధిలో నాలుగిళ్ళలో నీళ్ళు కాస్తున్నారు. తక్కినవాళ్ళు అలాగే తాగుతున్నారు.