పీటీహెచ్ రిపోర్టు మీద నా అనుమానం

ఆఫీసుకి వెళ్తూ మెట్రోలో సీటు దొరికిందని సంబరపడ్డ రోజు అది. దిగాల్సిన స్టేషన్ వచ్చింది, కాళ్ళు లేవలేదు. రాడ్డు పట్టుకుని లేస్తే తొడల్లో ఎముకలు పీకేశాయి. అప్పటికే కొన్నాళ్ళుగా ఒకటే దాహం, మాటిమాటికీ బాత్‌రూమ్. షుగరే అనుకున్నాను.

షుగర్ నార్మల్. కాల్షియం మాత్రం ఎక్కువ. ఘాజియాబాద్‌లో మా సొసైటీ గేటు ఎదురుగానే ఆ టెస్టు చేసిన ల్యాబ్. ఒక టెస్టుకి వెళ్తే పది అంటగడతారని నాకు వీళ్ళంటే మొదట్నుంచీ అనుమానమే. ఇంకోచోట చేయించుకున్నాను. అక్కడా ఎక్కువే.

ఫిజీషియన్ పీటీహెచ్ టెస్టు రాశారు. మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులుంటాయట, కాల్షియాన్ని నడిపేవి అవే. అవి వదిలే హార్మోనే పీటీహెచ్, అవి అతి చేస్తే అది పెరగాలి. నాకేమో బాగా తక్కువొచ్చింది, అంటే కాల్షియం పెరగడానికి కారణం ఇంకేదో ఉందట. ఆయన నా మొహం చూడకుండా, "మాలిగ్నెన్సీ రూల్ అవుట్ కర్నా పడేగా" అన్నారు. క్యాన్సర్ కాదని తేల్చుకోవాలన్నమాట.

సీటీ స్కాన్‌లో ఏమీ కనపడలేదు. "మరెందుకు పెరుగుతోంది?" అంటే, "దేఖ్‌తే హై" అన్నారు, చూద్దాంలే అని. ఏదో దాస్తున్నారనిపించింది.

ఇంట్లో మా ఆయన వరస ఇంకా వింత. ఫోనొస్తే బాల్కనీలోకి పోయి తలుపేసుకునేవారు.

"డాక్టర్ నాకు చెప్పనిది మీకు చెప్పారు కదూ? నిజం చెప్పండి."

"నీకన్నీ అనుమానాలే. ముందు ఇది వేసుకో," అని నీళ్ళ గ్లాసూ, నా జుట్టు మాత్రా చేతిలో పెట్టేవారు.

ఇక్కడి బోరు నీళ్ళకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుందని మా సొసైటీ తెలుగు ఆడవాళ్ళందరం వేసుకునే మాత్రే అది. ఆ సీసాని చూసి వెక్కిరించే మనిషి ఇప్పుడు రోజూ మర్చిపోకుండా ఇస్తుంటే నాకు గుండెల్లో రాయి పడింది. నేను పోతానని ఈయనకి తెలుసు అనుకున్నాను.

చివరికి ఢిల్లీలో ఒక ఎండోక్రినాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఏం మందులు వాడుతున్నారంటే ఏమీ లేవన్నాను. ఆయన రిపోర్టులన్నీ తిరగేసి, "బాల్ ఝడ్‌తే హై క్యా?" అన్నారు, జుట్టు ఊడుతోందా అని. ఒళ్ళు మండిపోయింది. ప్రాణం మీదికొస్తే జుట్టు సంగతేంటి, షాంపూ అమ్ముతాడా ఏం?

"ఢిల్లీలో ఎవరికి ఊడదు సార్?"

"తో బయోటిన్ లేతీ హై ఆప్?"

బయోటిన్ వేసుకుంటారా అని. నా మాత్ర పేరు అదే! జుట్టు మాత్రని మందని ఎవరనుకుంటారండీ? రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే కొన్ని మెషీన్లు పీటీహెచ్‌ని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయట. "బంద్ కీజియే, ఫిర్ రిపీట్ కరేంగే" అన్నారు, ఆపేస్తే మళ్ళీ టెస్టు చేద్దామని. ఆయన్నీ నమ్మలేదు నేను. అయినా ఆపి చూశాను.

ఈసారి పీటీహెచ్ ఎక్కువొచ్చింది. ఆ గ్రంథుల్ని చూపించే సెస్టమీబీ స్కాన్‌లో ఎడమవైపు కింది గ్రంథిలో చిన్న గడ్డ దొరికింది. అడినోమా, అంటే మామూలుగా క్యాన్సర్ కాని గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. ఆ తర్వాత కాల్షియం ఒక్కసారిగా పడిపోయి పెదాలు చిమచిమలాడాయి, వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇదేం కొత్త గొడవరా దేవుడా అని ఏడ్చాను. కాల్షియం మాత్రలతో మెల్లిగా సర్దుకుంది.

బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చిన రోజు మా ఆయన్ని నిలదీశాను. బాల్కనీ ఫోన్లు క్యాన్సర్ డాక్టర్లకట. నా అనుమానం నిజమే!

"మరి ఆ మాత్ర ఎందుకంత శ్రద్ధగా ఇచ్చేవారు?"

"కీమో ఇస్తే జుట్టు పోతుందన్నారు. అప్పటిదాకా అయినా నీ జడ..." అంటూనే ఏడ్చేశారు. ఆ మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇప్పుడు మెట్రోలో సీటు లేకపోయినా నిలబడి వెళ్తున్నాను. కాల్షియం టెస్టు చేయించుకుంటూనే ఉన్నాను. మీకు చెప్పేది ఒకటే: టెస్టుకి ముందు ఇంట్లో మింగే ప్రతి సీసానీ, జుట్టుదీ గోళ్ళదీ కూడా, సంచీలో వేసుకెళ్ళి డాక్టర్ బల్ల మీద పెట్టండి. నేను ల్యాబుల్ని అనుమానించాను, డాక్టర్లని అనుమానించాను, కట్టుకున్నవాణ్ణీ అనుమానించాను. ఆయన ప్రేమగా నా చేతిలో పెట్టిన మాత్రని మాత్రం ఒక్కరోజూ అనుమానించలేదు.