హెస్టరమ్మ దారి, తిరిగొచ్చిన కేకు

హెస్టర్ పిల్‌బీమ్‌కి కూర్చోవడం చేతకాదు. టీ నిలబడే తాగుతుంది. చర్చిలో ప్రార్థన ముగియకముందే ఆమె ఒక కాలు గుమ్మంవైపు తిరిగి ఉంటుంది. డెబ్భై ఆరేళ్లొచ్చినా అరికాళ్లలో చక్రాలు అరగలేదు. పుట్టినరోజుకి ఇంట్లోవాళ్లు మెత్తటి కుర్చీ కొనిస్తే అందులో పిల్లి కాపురం పెట్టింది. పిల్లికైనా కుదురుందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు.

ప్రతి నెలా రెండో ఆదివారం ఆమె ఊళ్లో పిల్లలున్న కుటుంబాలన్నిటినీ నడకకి తీసుకెళ్తుంది. మొత్తం మూడు మైళ్లు. చర్చి గేటు దగ్గర మొదలై, ఓక్ చెట్ల అడవిలోంచి మెల్లగా ఎక్కి, టప్పెన్ వాళ్ల ఇంటి వెనకనుంచి సుద్దకొండ మీదికి. ఎక్కడా కంచె దూకక్కర్లేదు, పసిపిల్లల తోపుడుబండి కూడా పోతుంది. "మూడేళ్ల పిల్ల ఏడవకుండా నడవగలిగితే అది దారి. లేకపోతే అది యుద్ధం" అంటుంది హెస్టరమ్మ. అడవిలో వసంతమంతా అడవి వెల్లుల్లి వాసన. వానపడితే సుద్దమట్టి బూట్లకి పిండిముద్దలా పట్టుకుని వదలదు. కొండెక్కాక గాలి, భరతపిట్టల పాట, గుడ్డు శాండ్‌విచ్‌లు, అల్లం బిస్కెట్లు. పిల్లలు జేబులనిండా చెకుముకి రాళ్లు నింపుకుంటారు. దిగేటప్పుడు తల్లులు వెనకనుంచి ఒక్కొక్కటీ తీసి పారేస్తారు.

ఆ ఏడాది మార్చిలో టప్పెన్ వాళ్ల ఇల్లు దాటాక ఉన్న గేటుకి గొలుసు పడింది. టప్పెన్ వాళ్ల పొలం కొత్తగా కొన్నాయన వేయించాడు. ఇది దారి కాదు, నా నేల అని బోర్డు కూడా పెట్టాడు. తీరా చూస్తే జిల్లా పటంలో ఆ దారి గీతే లేదు. అందరూ నడుస్తూనే ఉన్నారు కాబట్టి గీత ఉందో లేదో ఎవరూ చూడలేదు.

రిటైరైన లెక్కల మాస్టారు క్లైవ్ ఇంటింటికీ ఫారాలు పంచాడు.

"ఎవరి అనుమతీ తీసుకోకుండా, ఎవరూ ఆపకుండా, చాటుమాటు లేకుండా ఇరవై ఏళ్లు నడిచామని రుజువైతే దారి ఊరిది. అంతే హెస్టర్ గారూ. మీ ఒక్కరి ఫారం వందమందితో సమానం."

"రేపిస్తాలే."

"నిన్నా రేపే అన్నారు."

"నిన్నటి రేపు వేరయ్యా, ఇవాళ్టి రేపు వేరు. ముందు నీ బూట్లు బయట విడు, వంటగదంతా సుద్ద చేశావు."

క్లైవ్ వెళ్లాక ఆమె ఫారం మళ్లీ తీసి చూసింది. తొమ్మిదో ప్రశ్న అక్కడే ఉంది. ఈ దారిలో నడవడానికి మీరెప్పుడైనా ఎవరినైనా అనుమతి అడిగారా?

అడిగింది. అదే అసలు గొడవ.

ఇరవై రెండేళ్లకింద, మొట్టమొదటి నడకకి ముందురోజు, పదకొండు కుటుంబాలని వెంటేసుకుని ఒకరి పెరటి వెనకనుంచి పోతూ ఒక్క మాటైనా చెప్పకపోతే ఏం మర్యాద అనుకుంది. నిమ్మకాయ కేకు చేసి, డబ్బాలో పెట్టి, సిరిల్ టప్పెన్ తలుపు కొట్టింది. "మేం రేపు మీ వెనకనుంచి వెళ్తే మీకేమీ అభ్యంతరం లేదు కదండీ?" అని అడిగింది. సిరిల్ ఆమెను చూశాడు, కేకును చూశాడు, డబ్బా అందుకున్నాడు, తలుపేశాడు. తెల్లారేసరికి కేకు హెస్టరమ్మ గుమ్మంలో ఉంది. ఒక మూల మాత్రం ఎలుక కొరికినట్టుంది.

అంటే వద్దన్నాడన్నమాట. కానీ పిల్లలు అప్పటికే బూట్లు వేసుకుని చర్చి దగ్గర నిలబడ్డారు. అందుకని ఆమె ఓ ఆట కల్పించింది. టప్పెన్ వాళ్ల ఇంటి దగ్గరికి రాగానే అందరూ నక్కలైపోవాలి. మునివేళ్ల మీద, మాట లేకుండా, వరసగా. ఇరవై రెండేళ్లు నక్కలు అలాగే పోయాయి. నాన్నలు తోపుడుబండ్లు చేతులమీద ఎత్తుకుని మరీ పోయారు. హెస్టరమ్మ ముందు, వేలు పెదవి మీద. సిరిల్ పోయి ఆరేళ్లయినా నక్కలు మారలేదు. టప్పెన్ వాళ్లింటివైపు ఆమె మళ్లీ ముఖం తిప్పలేదు.

ఇప్పుడు లెక్క చూస్తే అడిగింది, కాదనిపించుకుంది, చాటుగా వెళ్లింది. మూడూ ఆమె చేతుల మీదుగానే చెడ్డాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమె మంచి నోరే ఊరి దారికి గొలుసేసేలా ఉంది. అబద్ధం రాద్దామంటే చెయ్యి రాదు. నిజం రాద్దామంటే దారి పోతుంది. తొమ్మిది రోజులు కాలుకాలిన పిల్లిలా తిరిగింది. ఉతికిన దుప్పట్లే మళ్లీ ఉతికింది. చర్చి దాకా వెళ్లి ఎందుకొచ్చానో మరచి తిరిగొచ్చింది. పిల్లి కుర్చీలోంచి తల తిప్పి తిప్పి చూసి అలసిపోయింది.

పదోరోజు మధ్యాహ్నం బూట్లేసుకుని అడవిలోకి పోయింది. గేటు దాకా వెళ్లి గొలుసు చూసొద్దామనుకుంది. కాళ్లు మాత్రం టప్పెన్ వాళ్ల గుమ్మం ముందు ఆగాయి. పొలం అమ్మినా ఇల్లు అమ్మలేదు సిరిల్ భార్య డోరీన్.

తలుపు తీసిన డోరీన్ ఆమెను పైనుంచి కిందదాకా చూసింది.

"ఏమే హెస్టరూ, ఇవాళ ఒక్క నక్కే వచ్చిందేం?"

హెస్టరమ్మ కాలు ఎత్తబోయి ఉన్నచోటే ఆగిపోయింది. ఊళ్లో అదో వింత.

"నీకు తెలుసా?"

"తెలియకపోవడమేమిటే! వంటగది కిటికీ అటే కదా. నెలనెలా సిరిల్ టీ పట్టుకుని కాచుకుని కూర్చునేవాడు. 'డోరీన్, రా రా, దొంగల ఊరేగింపొచ్చింది' అని పిలిచేవాడు. ఒకసారి నీ అల్లుడు బండెత్తుకుని బోర్లా పడ్డాడే, ఆరోజు నవ్వలేక ఆయనకి దగ్గొచ్చేసింది."

"మరి వద్దన్నవాడు నవ్వడమేంటి?"

"ఎవరొద్దన్నారు?"

"కేకు తిప్పిపంపలేదూ!"

డోరీన్ అక్కడే గుమ్మానికి ఆనుకుంది. "ఓసి పిచ్చిదానా. 'మా తాత ఆ దారినే బడికెళ్లాడు, ఆయన తాత గొర్రెల్ని తోలాడు. అది నాదా ఇవ్వడానికి? ఈ కేకు తింటే నాది కానిది నేనిచ్చినట్టు కాదూ' అన్నాడు సిరిల్. నేనే తెల్లవారకముందు తెచ్చి నీ గుమ్మంలో పెట్టాను. ఆయనకి మాటలు తక్కువని నీకు తెలియదూ?"

"ఒక్క ముక్క చెప్పొచ్చుగా! ఇరవై రెండేళ్లు నీతో మాట్లాడలేదు నేను."

"నువ్వు నక్కలా పోతుంటే ఎక్కడ చెప్పను? కిటికీలోంచి గుడ్డ ఊపితే ఇంకా వేగంగా పరిగెత్తేదానివి."

హెస్టరమ్మ వంటగదిలోకి వెళ్లి, కుర్చీ లాక్కుని, కూర్చుంది. డోరీన్ గడియారం వైపు చూసింది, ఎంతసేపుంటుందోనని. హెస్టరమ్మ ఫారం జేబులోంచి తీసింది. మడతల్లో సుద్ద అంటుకుని ఉంది. తొమ్మిదో ప్రశ్న కింద అంతా రాసింది: అడిగాను, కేకు ఇచ్చాను, కేకు తిరిగొచ్చింది. నక్కల సంగతి కూడా రాసింది. గళ్లు చాలక కాగితం అంచులమ్మట రాసింది. డోరీన్ తనకీ ఒక ఫారం కావాలంది. అనుమతి ఇచ్చిందీ లేదు, ఆపిందీ లేదు, చాటూ లేదని తేలేలా, సిరిల్ అన్న మాటలూ, కిటికీలోంచి చూసిందీ తను రాస్తానంది.

"ఒక్క సంగతి" అంది డోరీన్ టీ పోస్తూ. "ఆ మూల ముక్క తిన్నది ఎలుక కాదు. దార్లో ఆశ ఆపుకోలేక నేనే కొరికాను. అది కూడా రాయాలంటావా?"

హెస్టరమ్మ ఫారం రెండువైపులా తిప్పి చూసింది.

"అడగలేదులే."

విచారణ శరత్కాలంలో జరిగింది. హెస్టరమ్మ తన ఫారం నిలబడి చదివింది, మధ్యలో రెండుసార్లు కుర్చీ చూపించినా వినకుండా. డోరీన్ సాక్ష్యం చెబుతూ దొంగల ఊరేగింపు దగ్గరికి వచ్చేసరికి అధికారి కూడా నవ్వు కనపడకుండా తల వంచుకున్నాడు, రాసుకుంటున్నట్టు. మరుసటి వసంతానికి పటంలో గీత పడింది, గేటుకున్న గొలుసు పోయింది.

ఆ నెల రెండో ఆదివారం టప్పెన్ వాళ్ల ఇంటి దగ్గర హెస్టరమ్మ గట్టిగా అరిచి చెప్పింది, ఇక మామూలుగా నడవండర్రా, ఇది మన దారే అని. పిల్లలెవరూ వినలేదు. మునివేళ్ల మీద, మాట లేకుండా, వరసగా పోయారు. పెద్దగా మాట్లాడినందుకు ఒక నాలుగేళ్ల పిల్ల ఆమెనే "ష్" అంది. కిటికీలో డోరీన్ గుడ్డ ఊపింది. హెస్టరమ్మ ఒక్క క్షణం నిలబడి, చేసేదిలేక తనూ మునివేళ్ల మీదికి లేచి, వాళ్లకంటే వేగంగా పోయింది.