కవ్వాల్ అడవిలో బాపు వెనుక

ఆ ఆదివారం కవ్వాల్ అడవిలో మేము నడవాల్సింది మూడు కిలోమీటర్లే. చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు కూడా మధ్యాహ్నానికల్లా నడిచి వచ్చేస్తారని చెప్పారు. నేను కరీంనగర్‌లో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. మా అమ్మానాన్నలు, అంటే అవ్వ, బాపు, ఊళ్లోనే ఉంటారు. బాపు ముప్పయ్యేళ్లుగా పవర్‌లూమ్ షెడ్డులో పనిచేస్తున్నాడు. మా దగ్గర ఆ మరమగ్గాలను సాంచెలంటారు. సెలవు దొరికితే ఆయనకు ఏం తోచదు. "బిడ్డ పిలిచింది, పోదాం" అని అవ్వే పట్టుబట్టి తీసుకొచ్చింది.

దారి చూపడానికి మాతో ఒక గోండు పెద్దమనిషి వచ్చాడు. బయలుదేరిన పది నిమిషాలకే బాపు ఆయన్ను దాటి ముందుకు పోయాడు. సాంచెల మధ్య ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా తిరుగుతాడో అలాగే, చేతులు వెనక్కి పెట్టుకుని, గబగబా.

"అన్నా, జర మెల్లగ నడువు. గీడ పిట్టలుంటయి" అన్నాడు పెద్దమనిషి. బాపు ఆగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

వెదురు పొదల దగ్గర పెద్దమనిషి చెయ్యెత్తి మమ్మల్ని ఆపాడు. ఎండిన మోడు మీద వడ్రంగిపిట్ట టకటకా కొడుతోంది. అవ్వ నోరు తెరుచుకుని చూస్తోంది. ఇంతలో బాపు వెనక్కి వచ్చి, "ఏంది, ఎందుకాగిండ్రు?" అని షెడ్డులో మాట్లాడినంత గట్టిగా అడిగాడు. పిట్ట ఎగిరిపోయింది.

"జర మెల్లగ మాట్లాడు బాపు" అన్నాను విసుగ్గా.

"మెల్లగనే అన్న గదా." ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా కళ్లలోకి చూడలేదు, నా పెదవులు చూస్తున్నాడు.

ఆయన మళ్లీ ముందుకు వెళ్లాక అవ్వ నా పక్కకు వచ్చింది. "మీ బాపుకు ఇనవడ్తలేదు బిడ్డా. రెండేండ్ల సంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పద్దన్నడు. నువ్వు పరేషాన్ అయితవని."

ఫోన్‌లో "మంచిగున్నవా బిడ్డా" అని ఒక్క మాట అడిగి, బాపు వెంటనే అవ్వకు ఇచ్చేసేవాడు. నాతో మాట్లాడడానికి ఆయనకు ఏమీ లేదనుకుని ఎన్నోసార్లు చిన్నబుచ్చుకున్నాను. ఇక ఆ దారిలో నాకు చెట్లూ కనపడలేదు, పిట్టలూ కనపడలేదు. ఆయన వీపే చూస్తూ నడిచాను. ఏ పొద కదిలినా అడుగుల వేగం పెంచాను.

వాగు దగ్గరికి దిగుతుండగా పెద్దమనిషి "అన్నా, ఆగు!" అని అరిచాడు. బాపు నడుస్తూనే ఉన్నాడు. నేను ఉరికి వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుని లాగాను. నాలుగడుగుల ముందు ఒక పొడుగాటి పాము తీరిగ్గా దారి దాటుతోంది. జెర్రిపోతేనని, విషం ఉండదని పెద్దమనిషి తర్వాత చెప్పాడు గానీ అప్పుడు నేను చొక్కా వదల్లేదు.

బాపు పామును చూశాడు, నా చేతిని చూశాడు.

"మీ అవ్వ చెప్పిందా?"

తల ఊపాను.

"సాంచెల చప్పుడుకు అందరికి గింతే బిడ్డ. ఆడ సైగలతోనే మాట్లాడుకుంటం, ఫికరే ఉండదు. గీడ ఎవలకూ సైగలు రావాయె."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. వాగులో రాళ్ల మీద నుంచి దాటేదాకా వదలలేదు. ఆయనా విడిపించుకోలేదు.

రెండు వారాల తర్వాత కరీంనగర్ ఆసుపత్రిలో చెవులు పరీక్ష చేయించాం. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు. ఇంట్లో కాసేపు పెట్టుకుని తీసేస్తాడట. ఫ్యాను చప్పుడు, గిన్నెల చప్పుడు, అన్నీ ఒక్కసారే మీద పడుతున్నాయంటాడు. రోజూ పొద్దున అవ్వకు ఫోన్ చేసి, పెట్టుకున్నాడా అని అడుగుతాను. "జర ఆగు, చూస్త" అంటుంది అవ్వ. ఆమె వెళ్లి చూసి వచ్చేదాకా ఆఫీసు కుర్చీలో కుదురుగా కూర్చోలేను.