దుర్యోధనుడి కట్టుడు పళ్ళు

పోయిన వారం నా కింది దవడలో ఒక పన్ను విరిగింది. వేరుశనక్కాయల ఉండ కొరికితే విరిగింది. అంతకంటే గౌరవమైన కారణం ఏదైనా చెప్పుకుందామనుకున్నాను గాని, మా ఆవిడ పక్కనే ఉంది. మదనపల్లెలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోతే, ఆ అమ్మాయి పెన్నులాంటి కెమెరాను నోట్లో పెట్టి నాలుగు తిప్పులు తిప్పింది. నా దవడ టీవీలో కనపడింది. పక్క గదిలో ఏదో మిషన్ గుర్రుమంటూ తెల్లటి దిమ్మను చెక్కడం మొదలుపెట్టింది. "గంటలో పన్ను రెడీ అంకుల్. ఓపికుంటే కూర్చోండి, లేదంటే కాఫీ తాగి రండి" అంది. ముప్పై ఏళ్ళకు పైగా జనానికి పళ్ళు కట్టి బతికినవాణ్ని నేను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. వంటవాడు ఇంకొకరి పెళ్ళికి పోయి సాంబారు గురించి మాట్లాడితే ఎవరికి బాగుంటుంది? ఊరికే కూర్చున్నాను. ఆ 'ఓపికుంటే' అన్న మాట దగ్గర మాత్రం నవ్వొచ్చింది. నాకు ఓపిక ఉందో లేదో ఒకప్పుడు దుర్యోధనుడు స్వయంగా వచ్చి పరీక్ష చేసి పోయాడు.

అది ఎనభైలు మొదలైన కాలం. మాది పుంగనూరు. మా ఊరి ఆవులు పొట్టివని పేరు. నా ఉద్యోగాలు వాటికంటే పొట్టివి. టైపు నేర్చుకోవడానికి చేరి మొదటి వరస అక్షరాలు దాటకుండానే మానేశాను. రేడియోలు బాగుచేసే షాపులో చేరి ఒక రేడియో విప్పాను. దాన్ని బిగించేదాకా ఆ షాపులో లేను. ఎక్కడ కూర్చున్నా పక్క వీధిలో ఏదో గొప్ప సంగతి జరిగిపోతోందని, అది నాకు తప్ప అందరికీ కనపడుతోందని ఒకటే అనుమానం. లేచి పోయి చూస్తే అక్కడ ఒక గాడిద నిలబడి ఉండేది. అయినా అనుమానం పోయేది కాదు. చివరికి మా బావ, అంటే మా అక్క మొగుడు, మదనపల్లెలో పళ్ళు కట్టే ఒక సాయిబు దగ్గర నన్ను పనికి పెట్టించాడు. "ఈడ కూడా నిలబడకపోతే, ఇంక నీకు మైలురాయి పనే ఖాళీ ఉండాది రా" అన్నాడు.

ఆ సాయిబును నేను ఉస్తాద్ అనేవాణ్ని. బస్టాండు వెనక సందులో ఒకే గది. మైనం వాసన, స్పిరిటు దీపం వాసన, వాటన్నిటి మీదా ముక్కులోకి సూదిలా దిగే మందు వాసన. గోడ అరల నిండా ప్లాస్టరుతో పోసిన దవడలు. నా జోకులకు నోరు తెరిచేవి ఆ గదిలో అవే. ఉస్తాద్ నవ్వేవాడు కాదు. నోట్లో కొలత తీసి, ప్లాస్టరుతో దవడ పోసి, దాని మీద మైనంలో పళ్ళు పేర్చి, మొత్తాన్ని ఒక ఇత్తడి పెట్టెలో బిగించడం నేర్పాడు. తర్వాత మైనాన్ని కరిగించి పారబోసి, ఆ ఖాళీలో చిగుళ్ళ చట్రం కోసం గులాబీ రంగు ముద్ద కూరాలి. ఇంతవరకూ నా వేళ్ళు బాగానే పనిచేశాయి. బాధంతా ఆ తర్వాతే. ఆ పెట్టెను కుండెడు నీళ్ళలో పెట్టి సన్నమంట మీద ఉడికించాలి. ఉడికాక స్టవ్వు ఆర్పేసి, నీళ్ళు వాటంతట అవే చల్లారేదాకా అలాగే వదిలేయాలి. ముందే తీసి చన్నీళ్ళలో ముంచితే చట్రం వంకర తిరుగుతుంది. చూస్తూ కూర్చోవడం కూడా పనే అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది. "జల్దీ నక్కో రే. తొందర పడితే పండ్లు నోట్లో నిలవవు" అనేవాడు ఉస్తాద్, రోజూ, తల ఎత్తకుండా.

ఆ ఎండాకాలం మా గదిలోకి ఒక పెద్దాయన వచ్చాడు. రామకుప్పం పక్క పల్లె. రాగులు పండించే రైతు. కూతుర్ని మదనపల్లెలో ఇచ్చాడు. కుప్పం పక్క ఊళ్ళలో ఏటా పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు. ఇరవై ఏళ్ళుగా అందులో దుర్యోధనుడు ఆయనే. పళ్ళు ఊడిపోయాక నోట్లో మాట నిలవడం లేదు. "పద్యం ఎత్తుకుంటే గాలే వస్తాండాది సాయిబూ. నేను మానుకుంటే ఏసం మా బామ్మర్దికి పోతాది. వాడు అప్పుడే మీసాలు పెంచతాండాడు" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం రాజులా లేడు, సంతలో దూడను పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు.

ఉస్తాద్ ఆయనకు తన చేత్తోనే పళ్ళు పేర్చి పెట్టెలో బిగించాడు. ఈలోగా సరుకు కోసం బెంగళూరు పోవాల్సి వచ్చింది. "ఉడికించు. రాత్రంతా నీళ్ళలోనే ఉండనీ. రేపు మొదటి బస్సుకు తీస్కపోయి ఇచ్చిరా. ఎల్లుండి గదా ఆయన సచ్చేది" అని చెప్పి వెళ్ళాడు. అంటే దుర్యోధనుడు పడిపోయే పద్దెనిమిదో రోజు. కావలసినంత టైముంది. ఆ టైమే నా కొంప ముంచింది. ఉడికించాను. స్టవ్వు ఆర్పాను. కుండ ముందు కూర్చున్నాను. కుండ నన్ను చూసింది, నేను కుండను చూశాను. కుప్పం బస్సు హారను రెండుసార్లు వినపడింది. మూడోసారి వినపడేలోగా పట్టకారుతో పెట్టెను తీసి బకెట్టు నీళ్ళలో ముంచేశాను. బుస్సుమంది. విప్పి చూస్తే పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. ప్లాస్టరు దవడ మీద పెట్టి ఒక పక్క నొక్కితే మాత్రం రెండో పక్క గోరంత లేచింది. ప్లాస్టరు గట్టిది, మనిషి నోరు మెత్తన, సర్దుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకుని బస్సెక్కాను. పుంగనూరులో మా వీధి కిటికీలోంచి పోయింది. గంగవరం దాటింది. పలమనేరు దాటేసరికి ఆ గోరంత సంగతి పూర్తిగా మర్చిపోయాను.

పెద్దాయన పళ్ళు పెట్టుకుని అద్దంలో చూసుకుని, "కొంచెం ఊగతాండాదే" అన్నాడు. "కొత్తవి కదా" అన్నాను. డాక్టర్లు కూడా ఇంతకంటే పెద్ద అబద్ధం ఆడరు. ఎలాగూ వచ్చాను కదా, ఆయన చావు చూసే పోదామని అక్కడే ఆగాను.

పద్దెనిమిదో రోజు పట్టపగలు. పొలంలో దుర్యోధనుడి మట్టిబొమ్మను వెల్లకిలా పడుకోబెట్టారు, తల నుంచి కాళ్ళ దాకా నడవాలంటే ఆయాసం వచ్చేంత. దాని చుట్టూ జనం. బొమ్మ గుండెల మీద నిలబడి మా పెద్దాయన ఆఖరి పద్యం ఎత్తుకున్నాడు. అబ్బ, ఏం గొంతు! రెండు పాదాలు కొండలకు తగిలి తిరిగొచ్చాయి. మూడో పాదంలో పైదవడ ఊడి కింది దవడ మీద పడింది. ఆ టక్‌మన్న చప్పుడు నాకొక్కడికే వినపడింది. ఆయన చప్పున నోరు మూశాడు. భీముడు గద ఎత్తి, పద్యం ఎప్పుడైపోతుందా అని నిలబడిపోయాడు. దుర్యోధనుడు ఒక్క మాట మాట్లాడకుండా అందరినీ ఒకసారి చూశాడు. తన తొడను తానే చేత్తో చూపించి, మెల్లగా బొమ్మ మీద ఒరిగిపోయాడు. ఆ మైదానంలో పిల్లలు కూడా దగ్గలేదు. నా పక్కన ఒక ముసలావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఈ యేడు నోట్లో మాట లేకుండా పాయనే నాయనా" అని ఏడ్చింది. దుర్యోధనుణ్ని చంపింది భీముడు కాదు, మదనపల్లె బకెట్టు అని నాలో నేను జోకేసుకోబోయాను. నవ్వు రాలేదు. నా జోకు నాకే నవ్వు తెప్పించకపోవడం అదే మొదలు.

డేరా వెనక ఆయన రంగు తుడుచుకుంటున్నాడు. జనం వచ్చి కాళ్ళకు మొక్కి, ఇంత బాగా ఎప్పుడూ చావలేదని మెచ్చుకుని పోతున్నారు. ఆయన ముఖంలో సంతోషం లేదు. గదను తీసి బామ్మర్ది చేతికిచ్చాడు. "వచ్చే యేడు నువ్వే కట్టు రా. నా దవడ ఇంక పద్యం మోయలేదు. మంచి పండ్లు కట్టించినా నిలవలేదంటే తప్పు నాదే గదా." బామ్మర్ది వద్దు వద్దంటూనే గదను గట్టిగా పట్టుకున్నాడు.

నేను నోరు మూసుకుని బస్సెక్కి ఉంటే సరిపోయేది. ఈ సంగతి ఉస్తాద్‌కు తెలిసే దారే లేదు. కాళ్ళు కూడా అలవాటు ప్రకారం బస్టాండు వైపే లాగాయి. ఎందుకో ఆ ఒక్కసారి లేచి పోలేకపోయాను.

"తప్పు నీ దవడది కాదు పెద్దాయనా, నాది. నీళ్ళు చల్లారకముందే తీసేసినా."

ఆయన సగం తుడిచిన ముఖంతో నన్ను చూశాడు. ఒక చెంప రాజుది, ఒక చెంప రైతుది. "ఎంతసేపు పడతాది అవి సల్లారేకి?"

"మూడు గంటలు."

"మూడు గంటలు కూసోలేకపోతివా? యాల?"

"బస్సు హారను కొట్టింది."

కొడతాడేమో అనుకున్నాను, గద పక్కనే ఉంది. ఆయన రెండో చెంప మీది రంగు కూడా తుడిచేసుకున్నాడు. "నేను మడుగులో దాక్కుంటే భీముడు తిట్టి బయటికి లాగతాడు. నా పండ్లను నువ్వు హారను ఇనే బయటికి లాగేసినావు కదప్పా" అన్నాడు. తర్వాత బామ్మర్ది చేతిలోంచి గదను మళ్ళీ తీసుకున్నాడు. బామ్మర్ది ముఖం చూడాలి. భారతం మొత్తంలో నిజంగా ఓడిపోయినవాడు అతనొక్కడే.

జరిగింది నేనే చెప్పినా ఉస్తాద్ తిట్టలేదు. మైనం నా ముందు పెట్టి, "శురూసే. మొదట్నుంచి నువ్వే చెయ్" అన్నాడు, అంతే. పెద్దాయన మాత్రం నన్ను నమ్మలేదు. కుప్పం నుంచి బస్సెక్కి వచ్చి కుండ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను కదిలితే తల ఎత్తేవాడు. హారను వినపడినప్పుడు నా కాలు ఊగింది. "సూడు, భీముడు పిలుస్తాండాడు. పోతావా?" అన్నాడు. ఉస్తాద్ నవ్వడం ఆ రోజే చూశాను. ఊరికే ఉండలేక పెద్దాయన, పళ్ళు లేని నోటితోనే, ఒక్కొక్క పద్యమే అందుకున్నాడు. సగం పద్యం, సగం గాలి. పదకొండు పద్యాలకు కుండ చల్లారింది. ప్లాస్టరు మీద ఎటు నొక్కినా చట్రం కదల్లేదు. మరుసటి ఏడు ఆయన నాలుగు పాదాలూ పూర్తిగా పాడి చచ్చాడు. బామ్మర్ది మీసాలు తీసేశాడని విన్నాను.

"అంకుల్, అయిపోయింది. బోరు కొట్టిందా?" అంది డాక్టరమ్మ. "లేదమ్మా, నాలుగు పద్యాలే పట్టింది" అన్నాను. మత్తు సూది నాలుక మీద కూడా పనిచేసిందేమో అన్నట్టు చూసింది. పెద్దాయన లేడు, ఉస్తాదూ లేడు. హారను వినపడగానే లేచి పరుగెత్తిన రోజుల్లో ఒక్కటీ ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. ఏమీ చేయకుండా ఒక కుండ ముందు కూర్చున్న ఆ మూడు గంటలు మాత్రం ఇంకా పూర్తిగా చల్లారలేదు.