ఆండాళక్క ఒప్పుకున్న తప్పు

చిట్యాల బస్టాండు వెనక సందులో బట్టలు కుట్టే ఆండాళక్క, మగ్గం నేసే ఇంట పుట్టి మిషను కుట్టే ఇంట మెట్టింది. ముప్పై ఏళ్లలో తన కుట్టులో తప్పుందని ఒక్కసారీ ఒప్పుకోలేదు. జాకెట్టు బిగుతైతే నువ్వు లావయ్యావంటుంది, వదులైతే చిక్కిపోయావంటుంది. నాకు చేతులు పొట్టిగా కుట్టి, నా చేతులే పొడుగన్నది. నేనూ నమ్మి రెండు రోజులు అద్దంలో చూసుకున్నాను.

మా ఎదురింటి శ్రీదేవికి కవలలు, నవీన్, ప్రియాంక. వ్యవసాయ బావిలో ఈత నేర్చి, నల్లగొండలో పోటీలు గెలిచి, రెండేళ్లుగా హైదరాబాదు హాస్టల్లో ఉండి రోజుకు నాలుగు గంటలు ఈదుతున్నారు. బాబాయి పెళ్లికి వస్తున్నారని తెలిసి, శ్రీదేవి వాళ్ల పాత చొక్కా, పాత జాకెట్టు కొలతకిచ్చి ఆండాళక్క చేత కొత్తవి కుట్టించి ఉంచింది.

పెళ్లికి రెండు రోజుల ముందు తొడిగి చూస్తే రెండూ పట్టలేదు. నవీన్ చొక్కా గుండీలు ఛాతీ దగ్గర కలవలేదు. ఇల్లంతా మురిసిపోయింది. ప్రియాంక చెయ్యెత్తగానే జాకెట్టు వీపు మీద పర్రున చిరిగింది. ఇల్లంతా బుగ్గలు నొక్కుకుంది. ఇద్దరిదీ ఒకే నీళ్లు, ఒకే ఈత. కొడుక్కి వస్తే కండ, కూతురికి వస్తే గండం!

పిల్ల మగరాయుడిలా తయారవుతోందని, ఇక ఈత మాన్పించమని మేనత్త సుచరిత తీర్పు చెప్పింది. శ్రీదేవి తలూపింది. పెళ్లయ్యాక నవీన్ ఒక్కడే తిరిగి వెళ్లాలన్నారు. వచ్చే నెలే రాష్ట్ర పోటీలు. ప్రియాంక ఓణీ నిండుగా కప్పుకుని భుజాలు ముడుచుకుని కూర్చుంది. నాకు ఒళ్లు మండింది గానీ, పెళ్లివారింట్లో నా మాట వినేదెవరు?

అందరం కలిసి ఆండాళక్క కొట్టుకు వెళ్లాం. ఆమె ఏమంటుందో మాకు ముందే తెలుసు. పిల్ల ఒళ్లే తేడా చేసిందంటుంది. సుచరిత ఆ మాట కోసమే వచ్చింది.

ఆండాళక్క టేపు తీసింది. నవీన్‌కు ఛాతీ నాలుగు ఇంచులు పెరిగింది. ప్రియాంకకు వీపు రెండున్నర ఇంచులు పెరిగింది, నడుము ఒక ఇంచు తగ్గింది. కొలిచిందే మళ్లీ కొలిచింది. పిల్ల కళ్లలో నీళ్లు చూసి టేపు మెడలో వేసుకుంది.

"చూసినవా, భుజాలు ఎట్ల పెరిగినయో," అంది సుచరిత.

"మగ్గం తాడు గుంజి గుంజి మా బాపు కుడి భుజం ఎడమదానికంటె లావుండె. పని జేసే ఒళ్లు పనికి తగ్గట్టే పెరుగుతది," అంది ఆండాళక్క. తర్వాత నేల చూస్తూ అంది. "పిల్ల భుజాలు మంచిగున్నయి. నేనే తప్పు కత్తిరించిన."

ఊరందరి ఒళ్లకూ వంకలు పెట్టిన మనిషి మొదటిసారి తప్పు తనదన్నది. అసలైతే అది ఆమె తప్పు కానే కాదు. కొలతకు రెండేళ్ల నాటి జాకెట్టు ఇచ్చింది శ్రీదేవి. ఆ సంగతి అందరికంటే శ్రీదేవికే బాగా తెలుసు. చిరిగిన జాకెట్టును చేతుల్లో అటూ ఇటూ తిప్పింది. చివరికి ఆడబిడ్డ వైపు చూడకుండానే చెప్పింది.

"పెళ్లి అయినంక ఇద్దరు పోతరు వదినా."