గోడ చీటీ

పోయిన నెల భూపాలపల్లిలో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కరెంటు పోయింది. బొగ్గు తవ్వి కరెంటు పుట్టించే ఊళ్లో అది అరుదే కాని, పోయిందంటే మాత్రం పిల్లలకు పండుగ. తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయో లేదో, కాటారం బస్సుకు పోవాల్సిన వాళ్లు సంచులు భుజాన వేసుకున్నారు. "కూసోన్రి. కరెంట్ పోయిందంటె అసలు క్లాసు షురువైనట్టు" అన్నాను. అన్నాక, ఆ మాట నాది కాదని గుర్తొచ్చింది. రాష్ట్రం కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజుల్లో, మహబూబాబాద్‌లో మా దుకాణం పైనున్న అర్రలో ఒక అక్క రోజుకు రెండుసార్లయినా అన్న మాట అది. నేను ఇప్పుడు ఈ ఉద్యోగం చేస్తున్నానంటే ఆమె వల్లే.

మా బాపుది, అంటే నాన్నది, కిరాణం హోల్‌సేల్ దుకాణం. పై అర్రలో అంతకు ముందు చింతపండు బస్తాలు ఉండేవి. బస్తాలు పోయినా వాసన పోలేదు, కంప్యూటరంటే ఇప్పటికీ నాకు చింతపండు వాసనే గుర్తొస్తుంది. అక్కది గూడూరు అవతల ఒక తండా. వాళ్ల తండాలో ఎంసీఏ చదివిన మొదటి మనిషి. ఫోనులో వాళ్ల యాడితో, అంటే అమ్మతో, తండా భాషలో గలగలా మాట్లాడుతుంటే మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మూడు పాత కంప్యూటర్లు తెచ్చి పెట్టుకుని, కంప్యూటరు ఆటలు రాయడం నేర్పుతానని బోర్డు కట్టింది. మానుకోటలో, అదే మా మహబూబాబాద్‌లో, ఆటలు నేర్చుకోవడానికి ఎవరొస్తారని బజారంతా నవ్వింది. ఇంట్లోవాళ్లు ఆమెకు ఒక్క ఏడాది గడువిచ్చారు. ఈలోపు నిలకడైన ఉద్యోగం దొరక్కపోతే అర్ర ఖాళీ చేసి, వాళ్లతో పాటు ఖమ్మం వైపు మిరప చేలకు కాయలు ఏరడానికి పోవాలి. ఈ సంగతి నాకు మా బాపు చెప్పాడు. ఆమె మాత్రం ఎన్నడూ అనలేదు.

సమ్మె వల్ల నా డిగ్రీ కాలేజీ మూతపడింది. "ఇంట్ల ఊకె కూసునుడెందుకు, పైకి పోయి టైపన్న నేర్చుకో" అని బాపు తరిమాడు. టైపు నేర్చుకుందామనే పోయాను. అక్క కీబోర్డు చూపించలేదు. ఎప్పుడైనా ఏదైనా ఆట ఆడావా అని అడిగింది. బాపు ఫోనులో పాము ఆట ఆడానని చెప్పాను. "ఆడుడు సరే. ఆ పాముకు ఎటు పోవాల్నో ఎవరు చెప్తున్రో ఎన్నడన్న సోచాయించినవా?" అంది. లేదు. పాముకు తెలుసు కాబట్టి పోతోందనుకున్నాను.

ఎండ తగ్గేదాకా వీడియో గేముల చరిత్ర చెప్పేది, అవ్వలు రాజుల కథలు చెప్పినట్టు. నెట్ సెంటర్లో చదివినదంతా గళ్ల నోటుబుక్కులో తెలుగులో రాసి పెట్టుకునేది. అమెరికాలో ఒక ప్రయోగశాలకు వచ్చిన జనం మిషన్లను చూసి విసుగు పడుతున్నారని, అక్కడ పనిచేసే ఒకాయన చిన్న గుండ్రటి తెర మీద టెన్నిస్ ఆట చేశాడట. ఒక గీత నేల, నిలువు గీత వల, చుక్క బంతి. దానికే జనం వరుస కట్టారట. రష్యాలో ఇంకొకాయనకు దొరికిన మిషను బొమ్మలు గీయలేనిదట. బ్రాకెట్లు పక్కపక్కన పేర్చి, పైనుంచి పడే ఇటుకలు చేశాడట. ఆకాశంలోంచి శత్రువులు వరుసలుగా దిగే ఆట ఒకటుంది. వాళ్లను కాల్చేకొద్దీ మిగిలినవాళ్లు ఇంకా వేగంగా వచ్చేవారు. అట్లా రమ్మని ఎవరూ రాయలేదు. గీయాల్సిన బొమ్మలు తగ్గేసరికి మిషనుకు పని తేలికై దానంతటదే ఉరికింది. చేసినాయన దాన్ని దిద్దకుండా అట్లాగే ఉంచేశాడు. ఇది చెప్పినప్పుడల్లా అక్క కళ్లు మెరిసేవి. "వాళ్లకు ఏదో ఒకటి లేకుండె. మనకు కరెంట్ లేదు. గంతే ఫరక్" అనేది.

కరెంటు లేనప్పుడు మేమే కంప్యూటరు. నేల మీద ముగ్గుపిండితో గళ్లు గీసి, బాపు పొట్లాల కాగితం చించి చీటీలు రాసేది. ఆరుగురం ఆడపిల్లలం. ఒకమ్మాయి గడియారం, చప్పట్లు కొడుతూ ఉండాలి. ఒకమ్మాయి పాము తినే జామకాయ. నేను పాము తల, ఇద్దరు నా వెనక ఒళ్లు. నా చీటీలో 'చప్పట్లు పడితే ముందుకు ఒక అడుగు' అని ఉండేది. వెనకవాళ్ల చీటీలో 'ముందున్న మనిషి వదిలిన గడిలోకి పోవాలి' అని ఉండేది. రోజూ డోర్నకల్ నుంచి రైల్లో వచ్చే ఆరో అమ్మాయి గోడ. నేను చివరి గీత దాటితే 'ఆట అయిపోయింది' అనాలని గోడ చీటీ. రాసింది చెయ్యాలి, రాయనిది చెయ్యకూడదు, మాట్లాడకూడదు. సొంత తెలివి వాడితే బయటికి పంపేది.

ఒకరోజు ఆట మధ్యలో కింద డప్పులు మోగాయి. ఊరేగింపు. గోడకు ఆగబుద్ధి కాలేదు, చూడటానికి ఉరికింది. గడియారం మాత్రం చప్పట్లు కొడుతూనే ఉంది. నేను చివరి గీత దాటాను. ఎవరూ ఏమీ అనలేదు. చీటీ ప్రకారం ఇంకో అడుగు, ఇంకో అడుగు. గడప దాటి, మెట్లు దిగి, ఉప్పు బస్తాల పక్క నుంచి దుకాణంలోకి వచ్చాము, ముగ్గురం ఒకరి వెనక ఒకరం. బాపు తక్కెడ వదిలేసి లేచాడు. "ఏంది బిడ్డా, ఎటు పోతున్రు?" అన్నాడు. జవాబు చెప్పమని చీటీలో లేదు, చెప్పలేదు. బయట ఊరేగింపు చప్పట్లు మా గడియారం కంటే గట్టిగా పడుతున్నాయి. మేము కలవడానికే వచ్చామనుకుని వాళ్లు దారిచ్చి, నా చేతికి ఒక జెండా కూడా ఇచ్చారు. స్టేషన్ రోడ్డు మలుపు దాకా పోయాక అక్క ఉరికొచ్చి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. రోడ్డు పక్కన కూలబడి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. "తప్పు నీది గాదు. గోడ లేచి పోతె ఏం చెయ్యాల్నో నేను రాయలె" అంది. అదే మధ్యాహ్నం నా చీటీ చించేసి, గీత దాటుతున్నానేమో అడుగు వేసే ముందే చూడాలని కొత్తది రాసింది. ఇన్నేళ్లలో నేను చదివిన ఏ పుస్తకమూ ఆ పాఠాన్ని అంత గట్టిగా చెప్పలేదు.

ఏడాది గడువు ఆ నెలాఖరుతో ముగియబోతోంది. ఖమ్మం వైపు మిరప పండింది. వాళ్ల యాడి మూట కట్టుకోవడానికి రెండు సంచులు తెచ్చి అర్రలో పెట్టి పోయింది. సరిగ్గా అప్పుడే జనగామలో ఒక ప్రైవేటు కాలేజీ నుంచి పిలుపొచ్చింది. ఆటల కోర్సు కొత్తగా పెడుతున్నారు, పొద్దున పదకొండు గంటలకు వచ్చి పాఠం చెప్పి చూపించాలి. మా పెద్దమ్మ ఇల్లు జనగామలోనే కాబట్టి బాపు నన్ను తోడు పంపాడు. అక్క తను చేసిన ఆటను సీడీలో ఎక్కించి, గుడ్డలో చుట్టుకుంది.

కాజీపేట ఇంకా రాకముందే రైలు ఆగింది. పట్టాల మీద జనం బైఠాయించి, పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. గంట గడిచింది. నాకు ఏడుపొచ్చింది. ఇంకో గంట ఇట్లాగే పోతే ఆమె బతుకు మిరప చేలకే అని నేను లోలోపల లెక్క కట్టుకుంటున్నాను. "దిగి చెప్పు అక్కా, ఇంటర్వ్యూ ఉన్నదని" అన్నాను. అక్క కిటికీలోంచి చూస్తూ, "పోయిన వారం మానుకోటల పట్టాల మీద కూసున్నది మనమే గదనే. అప్పుడు ఆగిన రైలుల ఎవలకు ఏం పని ఉండెనో మనం అడిగినమా?" అంది. దిగి, వాళ్లు పెట్టిన పప్పన్నం ఆకులో తెచ్చి నాకు తినిపించింది. ఆమె మాత్రం ఒక్క ముద్దా తినలేదు.

రైలు మళ్లీ కదిలి జనగామ చేరేసరికి మూడయింది. ప్రిన్సిపాల్, కాలేజీ యజమాని, ఒక పెద్ద లెక్కల సారు ఇంకా అక్కడే ఉన్నారు. బండ్లు లేక వాళ్లూ కదలలేదు. కాని కరెంటు లేదు, జనరేటరుకు డీజిల్ దొరకలేదు. సీడీ గుడ్డలోనే ఉండిపోయింది. ఇంకోరోజు పిలుస్తామని ప్రిన్సిపాల్ అన్నాడు. ఇంకోరోజు లేదని మా ఇద్దరికే తెలుసు. అక్క సంచిలోంచి పొట్లాల కాగితం తీసింది. "సార్, మీరు ముగ్గురు జర లేస్తరా?" అంది.

ప్రిన్సిపాల్ పాము తల, యజమాని నడుము, నేను తోక. లెక్కల సారు గడియారం. గోడగా ఎవరినీ పెట్టలేదు, నా పాత చీటీలోని మాటనే మళ్లీ రాసి ప్రిన్సిపాల్ చేతికిచ్చింది. చప్పట్లు పడ్డాయి. ప్రిన్సిపాల్ నాలుగడుగులు వేసి, గది గోడ దగ్గర ఆగాడు.

"ఎందుకు ఆగిన్రు సార్?"

"గోడ ఉన్నది గదమ్మా."

"మీ చీటీల ఉన్నదా?"

ఆయన అద్దాలు పెట్టుకుని చీటీ చదివాడు. లేదన్నాడు. "మీకు కండ్లున్నయి, ఆగిన్రు. మిషన్‌కు మనం రాసిందే కండ్లు. మేం గిట్లనే రాయక, మా చెల్లె పామును తీస్కపోయి ఊరేగింపుల కలిపింది" అంది అక్క. ముగ్గురూ నవ్వారు. ఆటలతో బతుకు గడుస్తుందా అని లెక్కల సారు అడిగాడు. అక్క కూర్చోకుండా గుండ్రటి తెర మీది టెన్నిస్ నుంచి మొదలుపెట్టి, బ్రాకెట్ల ఇటుకల దాకా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన మెల్లగా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. చాలు సార్ అని ప్రిన్సిపాల్ అంటే, "నా చీటీల ఆపుమని లేదు గదా" అన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నారు.

నాకు అంత సంతోషం, అంత దుఃఖం ఒకేసారి ఎన్నడూ కలగలేదు. ఉద్యోగం వచ్చిందంటే అర్ర ఖాళీ అవుతుంది కదా. వాళ్ల యాడి తెచ్చిన రెండు సంచుల్లో అక్క బట్టలు, గళ్ల నోటుబుక్కులు సర్దుకుని పోయింది. చీటీల కట్ట నాకిచ్చింది. బాపు మళ్లీ ఆ అర్రలో బస్తాలు వేయనివ్వలేదు. ఇప్పుడు బాపు లేడు, దుకాణమూ లేదు. అక్క జనగామలోనే పాఠాలు చెబుతోంది.

భూపాలపల్లిలో ఆ రోజు బీరువాలోంచి అవే చీటీలు తీసి పిల్లలకు పంచాను. సాయంత్రం ఫోను చేసి చెబితే, అక్క మొదటి మాటగా "గోడను పెట్టినవా?" అని అడిగింది. పెట్టానన్నాను, నవ్వుకున్నాం. కాలానికి మాత్రం ఎవరూ గోడ చీటీ రాయలేదు. అది చప్పట్లు పడ్డకొద్దీ ఒక్కో అడుగు వేసుకుంటూ మెట్లు దిగి, ఎటు పోతున్నావని బాపు లేచి అడిగినా జవాబు చెప్పకుండా, ఆయన ముందు నుంచే పోయింది.